బొమ్మ రైలులో లేని ముక్క

మా ఇంట్లో ట్రంకు పెట్టెలకు నంబర్లు ఉండేవి. నల్ల రంగు పెట్టె, దాని మీద తెల్ల రంగుతో నాన్న ఆర్మీ నంబరు, హవల్దార్ వీరాంజనేయులు అని పేరు, మూలన పెట్టె నంబరు. ఒకటి నుంచి ఆరు దాకా. ప్రతి పెట్టె మూత లోపలివైపు అందులో ఏమేం ఉన్నాయో అమ్మ చేతిరాతతో జాబితా అంటించి ఉండేది. మూడేళ్ళకోసారి ఊరు మారే వాళ్ళకి ఆ మాత్రం చాదస్తం లేకపోతే సంసారం సగం దారిలోనే పోతుంది. తొంభై ఆరు మే నెలలో, నా పదో తరగతి పరీక్షలు అయిపోయి నేను ఢిల్లీ కంటోన్మెంటు క్వార్టర్లో కూలరు ముందు పడి దొర్లుతున్న రోజుల్లో, నాన్న ఉన్నట్టుండి ఆరో నంబరు పెట్టె దింపమన్నాడు.

ఆరో నంబరు మేం ఎప్పుడూ తెరవని పెట్టె. ఊరి నుంచి ఊరికి మోయడమే తప్ప దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదని అమ్మ ప్రతి బదిలీకీ ఒకసారి దెప్పేది.

"ఈ ఎండల్లో ఇప్పుడు దాంతో ఏం పనండీ? దుమ్ము తప్ప ఏముంది అందులో?" అంది.

"నా రైలుండాది," అన్నాడు నాన్న.

నాన్నది నెల్లూరు జిల్లా బిట్రగుంట. మా తాత పాపయ్య అక్కడ రైలింజన్ల షెడ్డులో ఫైర్‌మన్‌గా పనిచేసేవాడు. ఆయన బొగ్గు వేసిన ఇంజను నడిపిన ఆంగ్లో ఇండియన్ డ్రైవరు కుటుంబంతో సహా ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ, తన కొడుకు ఆడుకున్న బొమ్మ రైలును నాన్నకి ఇచ్చి వెళ్ళాడట. అప్పుడు నాన్నకి ఆరేళ్ళు. రేకుతో చేసిన ఇంజను, తాళంచెవి తిప్పితే నడుస్తుంది. బొగ్గుపెట్టె, రెండు బోగీలు, చివర గార్డు పెట్టె. వంపు పట్టాలు ఎనిమిది, తిన్నని పట్టాలు రెండు. అన్నీ కలిపితే కోడిగుడ్డు ఆకారంలో దారి అవుతుంది. చెయ్యెత్తే సిగ్నలు ఒకటి. ముప్పై నాలుగేళ్ళయినా ఎర్ర రంగు పెద్దగా పోలేదు. నాన్న కింద బాసింపట్టు వేసుకుని పట్టాలు ఒకదానికొకటి తొడుగుతుంటే నేను నవ్వాను. మీసాలున్న మనిషి అలా కూర్చుంటే ఎవరికైనా నవ్వొస్తుంది.

ఆ ఏడాది మా ఇల్లు జులై పన్నెండో తేదీ చుట్టూ తిరుగుతోందని ఇక్కడే చెప్పాలి. నాన్న నాయబ్ సుబేదార్ కావడానికి అన్ని కాగితాలూ అయిపోయాయి, ఆ రోజు వైద్య పరీక్ష ఒక్కటే మిగిలింది. అది దాటితే భుజం మీద నక్షత్రం, అందరూ 'సాబ్' అనడం, ఇంకో మూడేళ్ళు ఢిల్లీలోనే ఉద్యోగం, నా పదకొండూ పన్నెండూ ఒకే స్కూల్లో. అందులో తప్పితే ఉన్న ఉద్యోగం కూడా పోవచ్చు. నాన్న పని ఆర్మీ వర్క్‌షాపులో బైనాక్యులర్లు, ఫిరంగులకు గురిచూసే అద్దాలు బాగుచేయడం. ఆయన చేతిలో పడ్డ అద్దం వంద గజాల అవతలి వెంట్రుకను కూడా చూపిస్తుందని యూనిట్లో చెప్పుకునేవారు. పరీక్ష గురించి మాకెవరికీ బెంగ లేదు. నాన్నకి జ్వరం రాగా కూడా నేనెప్పుడూ చూడలేదు.

రైలు నడిచింది. కిర్రుకిర్రుమంటూ రెండు చుట్లు తిరిగి వంపు దగ్గర పడిపోయింది. నాన్న మళ్ళీ ఎత్తి పట్టాల మీద పెట్టబోయాడు. ఒక చక్రం లోపలికి దిగితే ఇంకోటి బయట ఉండిపోయేది. వేళ్ళతో తడివి సర్దుతాడు, వదలగానే పక్కకి ఒరుగుతుంది. చిన్న స్క్రూలను పట్టకారుతో తీసి పెట్టే మనిషి, అరచేతి ఇంజనుతో పావుగంట కుస్తీ పట్టాడు. చివరికి నేనే పెట్టాను.

"దీంట్లో ఒక ముక్క లేదు," అన్నాడు.

అట్టపెట్టె మూత లోపల మొత్తం సెట్టు బొమ్మ అచ్చు వేసి ఉంది. నేను ఒక్కొక్కటే వేలు పెట్టి చూపిస్తూ పోల్చాను. ఇంజను ఉంది, బోగీలు ఉన్నాయి, పది పట్టాలూ ఉన్నాయి, తాళంచెవి ఉంది, సిగ్నలు ఉంది.

"అన్నీ ఉన్నాయి నాన్నా."

"లేదు. ఒకటి పొయ్యింది."

"ఏది? పేరు చెప్పండి."

"పేరేందో తెలీదు. చేతికిస్తే చెప్తా."

మూతలో లేని ముక్క, పేరు తెలియని ముక్క. ఎండ తగిలిందనుకున్నాను. కానీ మరునాడు డ్యూటీ నుంచి వచ్చాక, మళ్ళీ ఆ మరునాడు కూడా అదే మాట. ఇంట్లో ఉప్పు అయిపోయినా పట్టని మనిషి ఆ ముక్క కోసం ఆరు పెట్టెలూ అడుగుదాకా తిరగేయించాడు. అమ్మ సహనం రెండో పెట్టె దగ్గరే అయిపోయింది.

"ఎందుకండీ అంత పట్టుదల? ఎవరాడాలి దాంతో?"

"ఎవురూ ఆడక్కర్లేదు. అదేందో నాకు తెలియాల, అంతే."

ఆదివారం నన్ను తీసుకుని దరియాగంజ్ వెళ్ళాడు. అక్కడ ఆదివారాలు పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు గుట్టలు పోసి అమ్ముతారు. పాత ఇంగ్లీషు పిల్లల పత్రికల్లో అలాంటి రైళ్ళ ప్రకటనలు ఉంటాయని వర్క్‌షాపులో ఎవరో చెప్పారట. బస్సు దిగిన దగ్గర్నుంచీ నన్ను ముందు నడవమని, నా భుజం మీద చెయ్యి వేసి వెనక వచ్చాడు. అయినా ఒక చెరకురసం బండిని గుద్దుకున్నాడు, ఒక ముసలావిడ కాలు తొక్కాడు. "అంధా హై క్యా?" గుడ్డివాడివా అని ఆవిడ గయ్యిమంటే "రద్దీ ఎక్కువుండాది" అన్నాడు నాతో. నిజంగానే రద్దీ ఎక్కువ. నేను ఆవిడ మీద కోపం తెచ్చుకున్నాను.

రెండు గంటలు మోకాళ్ళ మీద కూర్చుని వెతికితే దొరికింది. లండనులో అచ్చయిన పిల్లల పత్రిక, చెదలు తినగా మిగిలింది. అందులో సరిగ్గా మా రైలు ప్రకటన. దాని కింద, విడిగా కొనుక్కోగల సామాను బొమ్మలు ఇరవైదాకా ఉన్నాయి. నేను గంతేసినంత పని చేశాను.

"నువ్వు చదువు," అన్నాడు నాన్న పత్రిక నా చేతికే ఇచ్చేసి.

ఎండలో, పుస్తకాల గుట్టల మధ్య నిలబడి చదివాను. ప్లాట్‌ఫారం. కాదు. రెండు వైపులా మెట్లున్న వంతెన. కాదు. సొరంగం. కాదు. నీళ్ళ తొట్టి, గేటు, పట్టాల చివర అడ్డుగా పెట్టే దిమ్మె, బ్రేకు వేసే పట్టా. బ్రేకు పట్టా దగ్గర ఆగి, "ఎట్టా ఉంటుంది?" అని అడిగాడు. మధ్యలో చిన్న మీట ఉంటుందని చెప్పాను. తల అడ్డంగా ఊపాడు. ఇరవై ఒకటీ అయిపోయాయి, ఏదీ కాదు. నాకు ఆ ముక్క మీద పంతం పట్టింది ఆ రోజే. కంపెనీ వాడి జాబితాలో కూడా లేనిది మా ఇంటి సెట్టులో ఎలా ఉందో తేల్చాలనుకున్నాను.

పార్థసారథి అంకుల్‌ని పిలవమని నేనే అన్నాను. కంటోన్మెంటు స్టేషను పక్క రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవారు. బోగీల చక్రాలు తనిఖీ చేసే ఉద్యోగంలో ముప్పై ఏళ్ళు. మనిషి కనపడితే చాలు, రైళ్ళ గురించే మాట్లాడేవారు. ఉగాదికీ వినాయక చవితికీ తెలుగువాళ్ళం కలిసే చోట ఆయన పక్కన కూర్చోవడానికి అందరూ భయపడేవారు. జూన్ రెండో వారంలో ఒక సాయంత్రం ఆయన వచ్చి, చొక్కా విప్పి బనీనుతో నేల మీద చతికిలబడి, జేబులోంచి భూతద్దం తీశారు. దాన్ని చూసి అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆయన ఇంజను చూడలేదు, బోగీలు చూడలేదు. పట్టాలు ఒక్కొక్కటే తీసి అంచులు చూశారు. తిన్నని పట్టా ఒకటి చాలాసేపు తిప్పి తిప్పి చూసి నాకు ఇచ్చారు.

"ఇక్కడ చూడమ్మా ప్రియా. రెండు పక్కలా రంగు అరిగి రేకు మెరుస్తోందా? ఒకే చోట, ఒకే కొలతలో. దీనికి ఏదో తగిలించి తీసేవారు. వందలసార్లు."

"ఏం తగిలించేవారు అంకుల్?"

"మా దగ్గర రైలు పట్టాలు తప్పితే బండి వస్తుందిలే, సహాయం బండి. అందులో వాలుగా ఉండే ఇనుప దిమ్మెలుంటాయి, ర్యాంపులంటాం. పట్టా పక్కన అది పెట్టి, బోగీని లాగితే చక్రం దానంతటదే ఎక్కి పట్టా మీద పడుతుంది. ఇది అచ్చం అలాంటిదే. బోగీని దాని మీద పెట్టి తోస్తే చాలు, సర్దే పని లేదు. కంపెనీ సరుకు కాదిది. ఎవరో తెలిసినవాడు చేత్తో చేశాడు. ఏవయ్యా వీరాంజనేయులూ, అవునా?"

నాన్న మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. "అవును. అదే," అన్నాడు మెల్లిగా.

టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ అమ్మ లోపలికి రాలేదు.

"జానెడు పొడుగు, వాలుగా ఉండే రేకు ముక్కా?" అంది. "రెండు గాడులు పెట్టి ఉంటాయి? అడుగున ఎస్.ఆర్. అని ఇంగ్లీషు అక్షరాలు, ఏవో అంకెలు?"

"నువ్వు చూశావా?" నాన్న లేచాడు.

"జబల్‌పూర్ క్వార్టరు ఖాళీ చేసేటప్పుడు, ఆరో పెట్టె కూలీల చేతిలోంచి జారి మూత ఊడిన రోజు, వరండాలో కనపడింది." అమ్మ గ్లాసులు కింద పెట్టేసింది. "దాని మీద నంబరుంది కదండీ. క్వార్టరు సామానేమో అనుకున్నా. స్టోరు బాబుకి అప్పగించేశా."

ఇది ఆర్మీ ఇళ్ళలో తప్ప ఎక్కడా జరగని పొరపాటు. క్వార్టరు మనది కాదు, మంచం మనది కాదు, బల్బు మనది కాదు. అన్నింటి మీదా సర్కారు నంబరు ఉంటుంది. ఖాళీ చేసే రోజు స్టోరు బాబు పలక పట్టుకుని వచ్చి ఒక్కొక్కటే చదువుతాడు. ఫ్యాను మూడు, కిటికీ గడియ ఎనిమిది, అద్దం ఒకటి. ఒక్క గడియ తగ్గినా ఇంటాయన పరువు పోతుంది. అందుకని ఏ వస్తువు మీద నంబరు కనపడితే అది అప్పగించేయడం అమ్మలాంటి వాళ్ళకి ఊపిరి పీల్చడమంత అలవాటు. తాత షెడ్డులో పాత సదరన్ రైల్వే రేకు కత్తిరించి చేసి ఉంటాడు, ఆ నంబరు దాని మీద ఉండిపోయింది. మొగుడి చిన్నప్పటి వస్తువును అమ్మ తన చేతులతో, సంతకం పెట్టి మరీ ఇచ్చేసింది.

"అయ్యో, నాకేం తెలుసండీ? అదేంటో కూడా తెలీదు. మేకుకి తగిలిద్దామని చూశాను. ఒక చివర రేకు ఉంగరం లాంటిది ఉందండీ, పట్టుకోవడానికి. అందులో నా చిటికెన వేలు కూడా దూరలేదు. ఇది దేనికీ పనికిరాదనే ఇచ్చేశాను."

నాన్న ముఖం చూసి నాకు భయం వేసింది. ఆయన కోప్పడలేదు. "చిటికెన వేలు పట్టలేదా?" అని అడిగాడు.

"పట్టలేదు."

"బాగా గుర్తుండాదా?"

"గుర్తుంది. ఎందుకండీ?"

పార్థసారథి అంకుల్ వాతావరణం తేలిక చేద్దామనుకున్నారు. "పోనిద్దూ. అయినా ఇంత బొమ్మ రైలుకి ర్యాంపెందుకయ్యా? కళ్ళున్నవాడెవడైనా చేత్తో పెట్టుకుంటాడు కానీ!" అని పెద్దగా నవ్వారు.

నాన్న చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. గుమ్మం దాటుతూ తలుపు రెక్కకి భుజం కొట్టుకున్నాడు. అది చూసి అంకుల్ నవ్వు ఆపి, చొక్కా తొడుక్కున్నారు. రైల్వేలో కళ్ళ పరీక్ష అంటే ఏమిటో, అందులో తప్పినవాణ్ణి ఇంజను మీద ఉంచరనీ ఆయనకి తెలుసు. మెల్లిగా అమ్మని అడిగారు, "మీ మామగారిని ఇంజను మీద నుంచి ఎప్పుడు దించేశారమ్మా?"

"ఈయనకి పదకొండేళ్ళప్పుడట. తర్వాత షెడ్డులో ఊడ్చే పని ఇచ్చారని అత్తయ్య చెప్పేది."

"ఎందుకు దించారు?"

అమ్మకి తెలియదు. అత్తయ్య చెప్పలేదు. అంకుల్ టీ తాగకుండానే వెళ్ళిపోయారు.

నాన్న చీకటి పడకముందే వచ్చాడు. చీకటి పడ్డాక ఆయన ఒంటరిగా బయట ఉండగా నేను ఎప్పుడు చూశానా అని ఆలోచిస్తే గుర్తు రాలేదు. అమ్మ ఎదురుగా నిలబడి, "ఎన్నాళ్ళ నుంచి?" అని మాత్రం అడిగింది. రెండేళ్ళ నుంచి, అన్నాడు. ఎదురుగా ఉన్నది బాగానే కనపడుతుందట. పక్కనున్నది కనపడదు. గొట్టంలోంచి చూస్తున్నట్టు ఉంటుందట. గురి అద్దాలు కూడా గొట్టాలే కాబట్టి పనికి అడ్డం రాలేదు. పొద్దు వాలితే మసక అంతకుముందు నుంచే ఉంది, ఇప్పుడు మాత్రం ఏమీ తెలియదట. అమ్మ కూలబడి ఏడ్చింది. నేను ఏడవలేదు. నాకు నాన్న మీద పట్టరానంత కోపం వచ్చింది, ముసలావిడ కాలు తొక్కి రద్దీ అని చెప్పినందుకు.

"మీరే వెళ్ళి డాక్టరుకి చెప్పేయండి," అంది అమ్మ ఆ రాత్రి అన్నం దగ్గర.

"జులై పన్నెండు పోనీ."

"ఆ అద్దాలతో గురిచూసేవాళ్ళు ఎవరి కొడుకులో కదండీ."

ఆయన పళ్ళెం పక్కకి జరిపి లేచాడు. చెయ్యి కడిగేసుకున్నాడు. మరునాటి నుంచి బాగుచేసిన ప్రతి అద్దాన్నీ పక్క బల్ల మీది కుర్రాడు సాయిప్రకాష్‌కి ఇచ్చి మళ్ళీ చూడమనేవాడని తర్వాత తెలిసింది.

అమ్మ మాత్రం ఆ ముక్క సంగతి వదలలేదు. అది దొరికితే మిగతావన్నీ సర్దుకుంటాయని ఆమెకెలా అనిపించిందో మరి. నా చేత హిందీలో జబల్‌పూర్ స్టోరుకు ఉత్తరం రాయించింది. క్వార్టరు నంబరు, ఖాళీ చేసిన తేదీ, రేకు ముక్క కొలతలు, బొమ్మ గీసి మరీ. జులై మొదటి వారంలో జవాబు వచ్చింది. సర్కారు వాళ్ళు జవాబు రాయడమే గొప్ప. 'ట్రే, రేకు, ఒకటి. నిరుపయోగం. తొంభై మూడులో పాత ఇనుముతో పాటు వేలం వేయబడింది' అని టైపు చేసి, కింద సంతకం, ముద్ర. అమ్మ ఆ కాగితాన్ని ఆరో నంబరు పెట్టె జాబితా పక్కన అంటించింది. ఎందుకని అడిగితే ఏం చెప్తుంది, ఆమెకి తెలిసిన పద్ధతి అది.

పన్నెండో తేదీ వచ్చింది. నాన్న యూనిఫాం అమ్మే ఇస్త్రీ చేసింది. గోడ మీది అక్షరాలన్నీ నాన్న గడగడా చదివేశాడట, ఆఖరి వరుసతో సహా. డాక్టరు సంతకం పెట్టబోతూ పెన్ను మూత కింద పడేసుకున్నాడు. అది దొర్లి నాన్న కుడికాలి పక్కకి వచ్చింది. తీసివ్వమన్నాడు. నాన్న కిందికి వంగి, ఎడమ పక్క వెతికాడు. అప్పుడు డాక్టరు లేచి వచ్చి, తన ముక్కు వైపు చూడమని చెప్పి, పక్క నుంచి వేళ్ళు చూపిస్తున్నాను, ఎన్ని అని అడిగాడట. నాన్న మూడన్నాడు. డాక్టరు చెయ్యే ఎత్తలేదు.

ఆ తర్వాత అన్నీ త్వరగా జరిగాయి. పెద్దాసుపత్రి, కళ్ళ స్పెషలిస్టు, నోరు తిరగని జబ్బు పేరు. మందు లేదు, ఆపరేషన్ లేదు, నలభై అయిదు దాటాక ఎదురుగా ఉన్నదీ పోతుంది. నక్షత్రం మాట అటుంచి, నాన్నని బల్ల దగ్గర్నుంచి లేపి గేటు దగ్గర రిజిస్టరు రాసే పనిలో కూర్చోబెట్టారు, సర్వీసు నుంచి పంపే కాగితాలు తయారయ్యేదాకా. పనిముట్లు అప్పగించేసి వచ్చిన రోజు నాన్న చేతులు ఖాళీగా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ చేతుల వంక చూడలేక నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. సెప్టెంబరులోగా క్వార్టరు ఖాళీ చేయాలి. బిట్రగుంటలో మాకు ఇల్లు లేదు, కావలిలో అమ్మ అన్నయ్య దగ్గర ఒక గది ఉంది. నా స్కూలు సంగతి ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

జులై ఆఖరులో స్పెషలిస్టు నాన్నతో చెప్పాడట, ఇది వంశంలో వచ్చే జబ్బు, పిల్లల్ని కూడా తీసుకురమ్మని. నేనొక్కదాన్నే పిల్లని. వానొచ్చి వెలిసిన ఒక ఉదయం మేమిద్దరం వెళ్ళాం. ఈసారి భుజం మీద చెయ్యి వేయడానికి నాన్న రద్దీ వంక పెట్టలేదు.

నన్ను ఒక్కదాన్నే లోపలికి పిలిచారు. ఆ స్పెషలిస్టు మేజరు గారు మంచివాడు. ముందు గోడ మీది అక్షరాలు చదివించి, తర్వాత నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"బేటీ, అంధేరే మే చల్నే మే కోయీ దిక్కత్?" చీకట్లో నడవడం కష్టంగా ఉంటుందా అని.

"నహీ సర్."

"సీఢియా ఉతర్తే వక్త్?" మెట్లు దిగేటప్పుడు?

"నహీ సర్."

"సినిమా హాల్లో సీటు వెతుక్కోవడానికి ఎవరి చెయ్యైనా పట్టుకోవాలా?"

"నహీ సర్. సబ్ ఠీక్ హై."

ఆయన తల ఊపి, కంప్లయింటు ఏమీ లేదు కాబట్టి కంట్లో చుక్కలు వేసి చూడాల్సిన తొందరేం లేదని, ఆరు నెలల తర్వాత ఒకసారి రమ్మనీ చెప్పాడు. నేను థాంక్యూ చెప్పి బయటికి వచ్చి నాన్న పక్కన బల్ల మీద కూర్చున్నాను.

"ఏమడిగినాడు?"

"చీకట్లో కనపడుతుందా అని."

"నువ్వేం చెప్పినావు?"

"కనపడుతుందని."

"నిజమేనా?"

"నిజమే నాన్నా."

మా ముందు నుంచి ఒక నర్సు స్టీలు ట్రే పట్టుకుని వెళ్ళింది. నాన్న తల తిప్పి ఆవిణ్ణి వెతికి, దొరక్క మళ్ళీ నా వైపు తిప్పాడు.

"మన క్వార్టరు మెట్లు పద్దెనిమిది. తొమ్మిదో మెట్టు కాడ మలుపు. పొద్దు గూకినాక నువ్వు ఆడ ఆగుతావు. కాలితో తడివి, మెట్టు దొరికినాకే దిగుతావు. మార్చి నుంచి వింటుండా."

"అక్కడ బల్బు లేదు కదా."

"బల్బు లేకపోతే మీ అమ్మ కూడా ఆగాల గదా. మీ అమ్మ ఆగదు."

ఆ మాట నాకు నేనే చెప్పుకోకుండా నాలుగు నెలలు గడిపాను. బల్బు లేదనీ, ఎండలోంచి వచ్చాననీ, చెప్పు జారిందనీ.

"ఆ రేకు ముక్క మా నాయన తన కోసం చేసుకున్నాడని అనుకున్నారు మీరంతా. నేనూ అట్టే అనుకోవాలని చూసినా. కానీ మా నాయన చెయ్యి చేటంత ఉండేది. మీ అమ్మ చిటికెన వేలు పట్టని ఉంగరం ఆయన వేలికెట్టా పడుతుంది? అది ఏడేళ్ళ పిల్లోడి వేలి కోసం పెట్టింది." నాన్న గొంతు ఎక్కడా పెరగలేదు. "పొద్దు వాలితే నాకు పట్టాలు దొరికేవి కావు. ఆయన చూసినాడు. చూసి, షెడ్డులో కూర్చుని ముక్క చేసి తెచ్చి నా చేతిలో పెట్టినాడు. ఆయనకి తెలుసు ప్రియా. ముప్పై ఏళ్ళ కిందే తెలుసు. ఒక్క మాట చెప్పలేదు. నేను ఆర్మీలో చేరినా చెప్పలేదు, పెళ్ళి చేసుకున్నా చెప్పలేదు, నువ్వు పుట్టినా చెప్పలేదు."

"మీకెలా తెలిసింది?"

"నీ కాలి చప్పుడు విన్నాక అనుమానం వచ్చింది. ఆ ముక్కని ఒక్కసారి చేత్తో పట్టుకుంటే తేలిపోద్దనుకున్నా, ఎవురి కోసమో. నా కోసమే అయితే నాకు చిన్నప్పుడే ఉన్నట్టు, నీకూ వచ్చినట్టు. అందుకే వెతికించినా."

ఆ వేసవంతా నేను ఒక బొమ్మ ముక్క కోసం వెతుకుతున్నాననుకున్నాను. ఆయన నా కోసం వెతికాడు. అది నాకు అప్పుడు సంతోషం కలిగించలేదు, ఇప్పుడూ కలిగించదు. ఇంటికి వెళ్ళిపోదామని నాన్న చెయ్యి పట్టుకుని లాగాను. చెప్పొద్దు నాన్నా, ఇప్పుడే వద్దు, కావలి వెళ్ళాక చూపించుకుందాం అని బతిమాలాను. నా గొంతులో 'జులై పన్నెండు పోనీ' అన్న ఆయన గొంతే నాకు వినపడింది.

నాన్న లేచాడు. నా చెయ్యి వదలకుండా, గోడ తడుముకుంటూ, వరుసలో ఉన్నవాళ్ళని దాటి తలుపు తోశాడు. గుమ్మంలో ఉన్న సిపాయి "అరే, నంబర్ సే ఆయియే" అని, వరుసలో రమ్మని అరిచాడు. నాన్న వినిపించుకోలేదు. లోపల ఇంకెవరో పేషెంటు కూర్చుని ఉన్నాడు. నాన్న మేజరు గారికి ఎదురుగా నిలబడి, అలవాటు కొద్దీ మడమలు కలిపి అటెన్షన్‌లోకి వచ్చాడు.

"సర్, మేరీ బేటీ నే ఝూఠ్ బోలా హై," అన్నాడు. నా కూతురు అబద్ధం చెప్పింది అని.

డాక్టరు నా వంక చూశాడు. నేను తల దించుకున్నాను. ఆ పేషెంటుని బయట కూర్చోమని చెప్పి, ఆయనే స్వయంగా నా కళ్ళలో చుక్కలు వేశాడు. అవి మండాయి. అరగంట తర్వాత గదిలో లైటు తీసేసి, చిన్న దీపం ఒకటి నుదుటికి కట్టుకుని, నా కళ్ళలోకి చూశాడు. పైకి చూడు, కిందికి చూడు, నా చెవి వైపు చూడు. కుడి కన్ను చూసి, ఎడమ కన్ను చూసి, మళ్ళీ కుడి కన్ను చూశాడు. నాన్న గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆ చీకట్లో నాకు ఆయన కనపడలేదు, ఆయనకి నేనూ కనపడి ఉండను.

డాక్టరు లైటు వేశాడు. ఏమీ అనకుండా బల్ల సొరుగు లాగి ఒక కొత్త ఫారం తీసి, పెన్ను మూత విప్పి, పేషెంటు పేరేమిటని అడిగాడు.

నాన్న నా పేరు చెప్పాడు.